బొబ్బిలి తరువాత చందుర్తి
(మన సంఘపు యుద్ధచరిత్ర గోష్ఠిలో చేసిన ప్రసంగం)



"ఈ యుద్ధాల ముచ్చట మనకెందుకండీ? ఉగాదికి కవి సమ్మేళనం చాలదా?" అని మన సంఘంలోనే కొందరు పెద్దలు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని మనం కాపురముంటున్నది ఎక్కడ? బెంగుళూరు దండులో. ఆ పేరు ఊరకే రాలేదు. 1809 ప్రాంతంలో కంపెనీ సైన్యం శ్రీరంగపట్నం విడిచి ఇక్కడ దిగినప్పుడు, దాని వెంట సిపాయిలూ, బండ్లవారూ, వంటవారూ, సరుకులమ్మేవారూ వచ్చారు. వారిలో తమిళులతోపాటు మనవారూ ఉన్నారు. కనుక దండులో ఉండి దండు సంగతి మాట్లాడుకోవడం తప్పేమీ కాదు.

అయితే మన గోష్ఠికొక జాడ్యం ఉంది. ఏ యుద్ధంతో మొదలుపెట్టినా చివరకు బొబ్బిలికే చేరుతాము. బొబ్బిలి అనేసరికి ప్రతివారూ బుర్రకథలో వంతపాడేవారయిపోతారు. నేనూ అందుకు మినహాయింపు కాను. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు పంతం, కోటలో స్త్రీల బలిదానం, మూడోనాటి రాత్రి గుడారంలో తాండ్ర పాపారాయుడి కత్తి - అక్కడితో మన కథ ఆగిపోతుంది. చరిత్ర మాత్రం ఆగలేదు. పాపారాయుడి చేత హతుడైన రాజు స్థానంలోకి వచ్చిన ఆనంద గజపతిరాజు ఏమి చేశాడు? ఈ మాట అడిగితే గోష్ఠిలో నిశ్శబ్దం!

ఆయనకు ఫ్రెంచివారి ఏర్పాట్లు నచ్చలేదు. 1758లో విశాఖపట్నాన్ని వారినుంచి పట్టుకొని ఇంగ్లీషువారికి కబురంపాడు. కలకత్తానుంచి క్లైవు కర్నల్ ఫోర్డును ఓడలపై పంపాడు. బేరం ఎలా కుదిరిందో చూడండి: సైన్యం ఖర్చు నెలకు 50,000 రూపాయలు రాజు ఇవ్వాలి, గెలిచిన లోపలి సీమ రాజుది, తీరంలోని రేవులు కంపెనీవి.

ఆ డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి వద్ద ఇరు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఫోర్డు తెల్లసోల్జర్లు ఏపుగా పెరిగిన ఒక చేను చాటున పడిపోయారు. బెంగాలునుంచి వచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు తొడిగి ఉన్నారు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ ఎర్రకోట్లను చూసి, తెల్లవారి పటాలం అదేననుకొని తన బలమంతా వారి మీదికి తోలాడు. సిపాయిలు వెనక్కు తగ్గారు. తరుముకొస్తున్న ఫ్రెంచివారి పక్కమీద చేను చాటునుంచి అసలు తెల్లవారి తుపాకులు పేలాయి. అంతే, పోరు తిరిగిపోయింది. ఒక కోటు రంగు ఆనాడు చేసిన పని ఇది! దీనిని ఎవరూ బుర్రకథ కట్టలేదు. కట్టడానికి మన పక్షమేదో తెలిస్తే కదా.

నాకు యుద్ధంకంటే ఆ తరువాతి వారాలు ముఖ్యమనిపిస్తాయి. రాజుగారి డబ్బు రాలేదు. జీతాలు లేక, సామగ్రి లేక, గెలిచిన సైన్యం కదలలేకపోయింది. బందరు చేరిన తరువాతకూడా తెల్లసోల్జర్లు బాకీలకోసం తిరగబడ్డారు. అటువంటి స్థితిలోనే 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోర్డు బందరు కోట మీద పడి పట్టుకున్నాడు. లోపల లొంగిపోయినవారు, దాడి చేసినవారికంటే ఎక్కువమంది! మరుసటి నెలలోనే సలాబత్ జంగు బందరునూ చుట్టుపట్ల సీమనూ ఇంగ్లీషువారికి రాసి ఇచ్చాడు. 1766 నాటికి నిజాముతో ఒడంబడిక అయి ఉత్తర సర్కారులే కంపెనీ పాలయ్యాయి. బేరంలో రేవులు వదులుకున్నవారికి లోపలి సీమ ఎన్నాళ్లు దక్కుతుంది?

వీరులను పొగడవద్దని నేననను. బొబ్బిలి పాట మన పిల్లలకు రావలసిందే. కాని పాట అయిన తరువాత, "సైన్యానికి జీతమెవరిచ్చారు? బియ్యం ఎక్కడివి? రేవు ఎవరి చేతిలో ఉంది?" అని అడిగే పిల్లవాడొకడు మన గోష్ఠిలో తయారైతే నాకు సంతోషం.

వచ్చే నెల బందరు ముట్టడి. పాత పటం ఎవరివద్దనైనా ఉంటే తెచ్చిపెట్టండి. ఆ చిత్తడినేల చూడకుండా దాడి అర్థం కాదు. మరొక మనవి. తాతలు హలసూరు మద్రాసు సాపర్లలో పనిచేసిన ఇళ్లవారు, పెట్టె అడుగున ఉన్న డిశ్చార్జి కాగితాలను చెదలకు వదలక ఇక్కడికి తీసుకురండి. నకలు రాసుకొని ఆనాడే తిరిగి ఇచ్చేస్తాము.