వినడం నేర్చిన యంత్రం

కావలి ఇళ్ళలో మా ప్రసంగాలు ఆలకించే శ్రోతలకు రేడియో తీరు తెలిసినదే. మేము మాట్లాడుతాము, మీరు వింటారు. మీరు మారుపలికితే ఆ పెట్టె వినలేదు. మనిషి మాటను విని గ్రహించే యంత్రాన్ని నిర్మించడానికి జీవితంలో అధికభాగం వినియోగించిన తెలుగువారు డబ్బాల రాజగోపాల రెడ్డిగారు. లోకం ఆయనను రాజ్ రెడ్డి అని పిలుస్తుంది.

నాడు నెల్లూరుకు పొరుగున ఉండిన చిత్తూరు జిల్లాలో, కాటూరు గ్రామంలో, 1937 జూన్ 13న ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. ఆ యింట కళాశాల మెట్టెక్కిన మొదటివారు ఆయనే. 1958లో మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రులై, ఆస్ట్రేలియాలో పైచదువు చదివి, అమెరికా చేరుకొన్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకార్తీ శిష్యులుగా, యంత్రంచేత మాటను గుర్తింపజేయడంపై పరిశోధించి, 1966లో డాక్టరేటు పొందారు.

మాట వినడంలో అంత కష్టమేమున్నది? అచ్చుపుటలో పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉంటుంది, నోటిమాటలో ఉండదు. “అతడెక్కడున్నాడు” అన్నప్పుడు మూడు పదాలు ఒకే ఊపిరిలో కలిసిపోతాయి. మన చెవి వాటిని క్షణంలో విడదీస్తుంది. యంత్రానికి అది వట్టి ధ్వనితరంగం. పైగా అదే మాటను పిల్లలు ఒక రీతిగా, వృద్ధులు మరొక రీతిగా పలుకుతారు.

1969లో రాజ్ రెడ్డిగారు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయన బృందం ‘హియర్సే’ అనే వ్యవస్థను రూపొందించింది. అందులో ధ్వనులెరిగిన భాగమొకటి, పదాలెరిగినది ఒకటి, వాక్యనిర్మాణమెరిగినది ఒకటి. అవన్నీ తమ తమ ఊహలను ఉమ్మడి నల్లబల్లపై ఉంచి, పరస్పరం సరిచూచుకొని నిర్ణయానికి వస్తాయి. పెద్దలు రచ్చబండ వద్ద కూడి తీర్పు చెప్పినట్లు. 1976 నాటి ‘హార్పీ’ సుమారు 1000 పదాలను గుర్తించింది. 1980ల చివర ఆయన శిష్యుడు కై ఫూ లీ నిర్మించిన ‘స్ఫింక్స్’, మునుపు విని ఎరుగని కంఠాన్ని సైతం గ్రహించగలిగింది.

1979లో ఆ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు ఆయన తొలి సంచాలకులైనారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నారు. 2001లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన కులపతిగా వ్యవహరించారు.

ఈ విద్య ఫలం చదువుకొన్నవారికంటె చదువు అందనివారికే ఎక్కువ అవసరం. తుమ్మలపెంట తీరాన వల లాగే మనిషికి అక్షరం రాకపోయినా, తన అవసరాన్ని నోటితో చెప్పగలడు. అయితే యంత్రం తాను విన్న పలుకునే నేర్చుకొంటుంది. దానికి నెల్లూరి యాస వినిపించనినాడు, ఆ మనిషి తన మాట విడిచి యంత్రానికి తెలిసిన మాట వెదకుకోవలసి వస్తుంది. కనుక వలకూ, వరికీ, వానకూ మన పెద్దలు వాడే మాటలను వారి కంఠంతోనే ధ్వనిముద్రణ చేసి భద్రపరచడం నేటి కర్తవ్యం. వినగల యంత్రం సిద్ధమైనది. దానికి వినిపించవలసినది మనము.