తోడివిద్యార్థియు గురువే



మనుష్యుడు నేర్చు విద్యలో నాలుగవ పాలు గురువువలనను, నాలుగవ పాలు తన బుద్ధివలనను, నాలుగవ పాలు తోడి విద్యార్థులవలనను, మిగిలిన పాలు కాలక్రమమునను లభించునని మన పూర్వులు చెప్పుదురు. ఇందలి మూడవ పాలును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది నేను గ్రంథములలో చదివినది కాదు. గడచిన వేసవిలో మా మిద్దెపై కన్నులార చూచినది.

నా నివాసము సికిందరాబాదులోని చిలకలగూడ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును, 1977లో ఆరంభమైన కణజీవ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమును మాకు దూరములు కావు. వేసవి సెలవులలో బి.ఎస్‌సి. చదువు పిల్లలలో కొందరు స్వగ్రామములకు పోక, ఇట్టి పట్టణములలోని పరిశోధనాలయములలో రెండు నెలలు పనిచేసి పరిశోధన చేయు విధమును నేర్చుకొందురు. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలయందున్న మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇందుకై విద్యార్థులకు వేతనములిచ్చు పద్ధతియు గలదు.

మా మనుమరాలు ఆ విధముగనే మా యింటికి వచ్చినది. ఆమెతోడ ఒక స్నేహితురాలును వచ్చెను. పొరుగింటి రైల్వే ఉద్యోగి కుమారుడు మూడవవాడు. ముగ్గురును మూడు వేరు చోట్ల పనిచేయుచుండిరి. మనుమరాలి పని దోమపిల్లలపై. స్నేహితురాలి పని వేరుసెనగ వేళ్ళ బుడిపెలపై. ఆ చిన్నవాని పని మ్రగ్గిన పండ్లపై ముసరు చిన్న ఈగలపై. రాత్రి భోజనములైన పిమ్మట మిద్దెపై చాపలు పరచుకొని, ఆనాడు చేసిన పనిని ఒకరికొకరు చెప్పుకొనుచుండిరి. నేనును ఒక మూల కూర్చుండి వినుచుంటిని.

ఒకనాటి రాత్రి స్నేహితురాలు వేరుసెనగ మొక్కను తెచ్చి, వేరుననున్న బుడిపెను గోటితో చీల్చి చూపెను. లోపల గులాబివన్నె కానవచ్చినది. ఆ బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చుననియు, లోపల ఎఱ్ఱనైనచో ఆ పని చక్కగా జరుగుచున్నట్లనియు, తెల్లగానో ఆకుపచ్చగానో యున్నచో జరుగుట లేదనియు ఆమె చెప్పెను. అంతట మా మనుమరాలు, “మొక్కకు నెత్తురెక్కడిదే?” అని యడిగినది. ఆ పిల్ల బదులు చెప్పలేక, మరునాడు తన ఆచార్యుని అడిగి వచ్చి చెప్పెను. మన నెత్తురులోని ఎఱ్ఱని పదార్థమునకు దాయాదివంటి పదార్థమొకటి ఆ బుడిపెలో నున్నదట. సూక్ష్మజీవులకు ఊపిరికై ప్రాణవాయువు కావలెను. కాని అది మితిమీరినచో నత్రజనిని పట్టు పని చెడును. అందుచే ఆ పదార్థము ప్రాణవాయువును కొలతగా అందించుచుండును. నెల దినములు బుడిపెలు లెక్కించినను తనకీ ప్రశ్న తోచలేదని ఆమె యొప్పుకొన్నది.

పిదప మా మనుమరాలి వంతు వచ్చినది. ఆమె తండ్రి, అనగా నా కుమారుడు, పల్లెలో వ్యవసాయము చేయుచున్నాడు. బిడ్డను పై చదువునకు పంపుటకు ఆతనికి మనసొప్పుకొనలేదు. ఈ వేసవి పనిని చూపి తండ్రిని ఒప్పింపవలెనని ఆమె యాశ. వేపాకు కషాయము కలిపిన నీటిలో దోమపిల్లలు శీఘ్రముగా చచ్చుటయు, మామూలు నీటిలోనివి బ్రతికియుండుటయు చూచి, ఆ రాత్రి మిక్కిలి సంతోషముతో చెప్పుచుండెను.

ఈగల చిన్నవాడు మెల్లగా, “అక్కా, రెండు పాత్రలును ఒక్కచోటనే యుంచితివా?” అని యడిగెను. ఈగల గొట్టములన్నిటికిని ఒకే వేడి, ఒకే మేత యుండవలెనని మొదటి దినముననే వానికి నేర్పిరట. మనుమరాలి ముఖము వాడినది. కషాయపు పాత్రలను ఎండ తగులు కిటికీయొద్దను, మామూలు నీటి పాత్రలను లోపలి నీడలోను పెట్టినదట. పురుగులు చచ్చినది వేపచేతనా, మే నెల ఎండచేతనా?

నేను చేసిన తప్పును దాచను. “తల్లీ, ఈ మాట మన మిద్దె దాటదు, ఉన్న ఫలితమునే చూపుము” అంటిని. “తాతయ్యా, నాకు తెలిసినది గదా!” అని మాత్రమనెను. మరునాడే ఆచార్యునకు నిజము చెప్పి, మిగిలిన కొలది దినములలో పాత్రలన్నిటిని ఒకే బల్లపై నుంచి మరల పరీక్షించెను. ఈ మారు కషాయము కొంత పనిచేసినది గాని, మునుపటివలె పనిచేయలేదు. కడపటి దినమున అందరి యెదుట రెండు ఫలితములను, నడుమ జరిగిన పొరపాటును కూడ చెప్పినది. నా కుమారుడును ఆనాడు వచ్చి వెనుక బల్లపై కూర్చుండెను.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆతడు, “మేమును కొత్త ఎరువు వేసినప్పుడు ప్రక్కమడిని వేయక విడిచి చూతుముగదా! ఆ మడికి నీరు తక్కువైనచో లెక్క తప్పును. బిడ్డ చేసినది ఆ పనియే” అనెను. చదువు మాన్పింపవలెనన్న మాట మరల ఎత్తలేదు.

దోమల విషయమున మా ఊరికి పాతకథ యొకటి గలదు. 1894లో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు లండనులో పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుని కలిసికొనెను. చలిజ్వరము కలిగించు పరాన్నజీవిని మాన్సన్ నెత్తురులో చూపువరకు రాస్ దానిని నమ్మలేదు. ఇండియాకు వచ్చిన పిదప తాను చూచినదంతయు మాన్సన్‌కు జాబులలో వ్రాయుచుండెను. 1897 ఆగస్టు 20వ తేదీన, మా చిలకలగూడకు కొలది మైళ్ళలోనున్న బేగంపేటలో, రోగి నెత్తురు త్రాగిన దోమ కడుపులో ఆ జీవిని కనుగొనెను. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునని మాన్సన్ ఊహించియుండెను. 1898లో కలకత్తాలో పక్షులపై పరీక్షించి, వ్యాధి దోమకాటుచేతనే వ్యాపించునని రాస్ చూపెను. మొదట పెద్దవాడు చిన్నవానికి చూపెను. పిదప చిన్నవాడు పెద్దవాని ఊహను దిద్దెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది.

అయ్యలారా, సెలవులకు పిల్లలు ఇల్లు చేరినప్పుడు మార్కులెన్ని యని మాత్రమే అడుగక, ఏమి చేసితిరి, అది నిజమని ఎట్లు తెలిసినదని అడుగుడు. మీకు శాస్త్రము తెలియదని సంకోచింపవలదు. ప్రక్కమడి సంగతి మీకు తెలియును. పొరపాటు బయటపడినప్పుడు నావలె దాచుమని చెప్పకుడు. ఈసారి చేనికి పోయినప్పుడు పిల్లవానిని వెంటబెట్టుకొని, వేరుసెనగ వేరు బుడిపెను చీల్చి లోపలి వన్నె చూడుడు. ఎవరు ఎవరికి చెప్పుదురో మీరే కనుగొందురు.

సెలవు.