మా నాయన చూసిన రెడ్‌వుడ్ అడవి

శాంటా క్లారా నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్‌లో వీసా స్టాంపింగ్ తలనొప్పులు చాలా చెప్పుకున్నాం. ఈసారి అడవి గురించి. "ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వీకెండ్ ఎక్కడికి తీసుకెళ్ళాలండీ, గుడి అయింది, కాస్ట్‌కో అయింది" అని చాలామంది రాస్తున్నారు. నాకూ అదే సమస్య వచ్చింది కాబట్టి నా కథే చెప్తాను.

మా నాయన ఫారెస్ట్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా నల్లమలలోనే, ఆత్మకూరు, బైర్లూటి వైపు. అమ్మ పోయాక మొదటిసారి 2024 ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చాడు. ఆరు నెలలు ఉంటాడనుకున్నాం. మేమిద్దరం పొద్దున్నే లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని పార్కింగ్ లాట్ చూస్తూ ఉండేవాడు. మూడో వారానికే "టికెట్ ముందుకు జరుపు మ్మా, నాకు ఈడ పొద్దు పోవడం లేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సరే, పోయేలోపు ఒక్కసారి ఇక్కడి అడవి చూపిద్దామని ఆ శనివారం బిగ్ బేసిన్‌కి బయల్దేరాం.

సరటోగా మీదుగా హైవే 9 ఎక్కి, కొండ దాటాక 236లోకి తిరగాలి. గంటకు పైనే పడుతుంది. మలుపులు బాగా ఎక్కువ, కార్లో తల తిరిగేవాళ్ళు ఉంటే ముందే మాత్ర వేయండి.

బిగ్ బేసిన్ కాలిఫోర్నియాలో అన్నిటికంటే పాత స్టేట్ పార్క్, 1902లో వచ్చింది. 2020 ఆగస్టు 16 తెల్లవారుజాము గుర్తుందా? వేసవిలో వాన లేకుండా ఒకటే మెరుపులు. ఆ పిడుగులకే మన తూర్పు కొండల్లో అంటుకున్న మంటలు దాదాపు 4 లక్షల ఎకరాలు తినేశాయి. వాటికి పెట్టిన ఎస్‌సీయూ అనే పేరు మన శాంటా క్లారా ఫైర్ యూనిట్‌దే. పడమటి కొండల్లో ఇంకో 86 వేల ఎకరాలు. అందులోనే బిగ్ బేసిన్ నూటికి 97 వంతులు కాలిపోయింది. 1936లో కట్టిన హెడ్‌క్వార్టర్స్ బిల్డింగ్ బూడిదైంది. మళ్ళీ జనాన్ని రానిచ్చింది 2022 జూలైలో.

కారు దిగాక నాయన చాలాసేపు మాట్లాడలేదు. బొగ్గులా నల్లబడిన మాన్లు, తలెత్తితే మెడ నొప్పెట్టేంత ఎత్తు. ఆ నలుపు మీద కింద నుంచి పైదాకా పచ్చటి చిగుళ్ళు, గడ్డం పెరిగినట్టు. ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు మీద చెయ్యి పెట్టి, వేలికంటిన మసి వాసన చూశాడు. "ఇది చచ్చింది కాదు మ్మా. మన టేకు కూడా ఇట్లనే మోడు నుంచి పిలక వేస్తాది. కానీ ఇంత ఒళ్ళు కాలినాక పైదాకా చిగురు పెట్టేది మాత్రం నేను చూడలే" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. పైన్ లాంటి చెట్లు చాలావరకు కాలితే పోతాయి. రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది, జిగురు తక్కువ. బెరడు కింద ఎప్పటివో మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. ఆకులన్నీ కాలిపోయాక ఆ మొగ్గలు లేస్తాయి. బిగ్ బేసిన్ చెట్ల మీదే చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, ఆ చిగుళ్ళకు పెట్టిన తిండి చెట్టు కొన్ని దశాబ్దాల కిందట కూడబెట్టుకున్నది.

ఈ చెట్లు మిగలడం వెనక మన శాన్ హోసే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆండ్రూ హిల్, ఫొటోగ్రాఫర్. ఇక్కడి కొండల్లో ఒక మంటని వైన్ పోసి ఆర్పారట, ఆ వ్యాసం కోసం ఒక బ్రిటిష్ పత్రిక ఆయన్ని రెడ్‌వుడ్ ఫొటోలు తీయమంది. ఫెల్టన్ దగ్గర ఒక తోపులో తీస్తుంటే దాని యజమాని అడ్డుపడి, నా చెట్లు, ఆ నెగటివ్‌లు ఇచ్చెయ్ అన్నాడు. హిల్‌కి రోషం వచ్చింది. ఈ చెట్లు అందరివీ కావాలని పట్టుబట్టాడు. 1900లో సెంపర్‌వైరెన్స్ క్లబ్ పెట్టారు, రెండేళ్ళలో ప్రభుత్వం చేత 3,800 ఎకరాలు కొనిపించారు. ఇప్పుడు 18 వేలు దాటింది. చుట్టుపక్కల కొండల్లో రంపపు మిల్లులు అప్పటికే ఆడుతున్నాయి. ఆ రోషమే లేకపోతే మనం ఈరోజు మొద్దులు చూసొచ్చేవాళ్ళం.

తర్వాత నాయన నేల చూడ్డం మొదలుపెట్టాడు. మనం చెట్లు చూస్తాం, గార్డులు నేల చూస్తారు కాబోలు. "ఈడ ఫైర్ లైన్లు ఎవరు తీస్తారు మ్మా? ఇంత ఆకు, ఇంత పుల్ల కిందుంటే పిడుగు ఎందుకు, బీడీ చాలు కదా?"

నాకు తెలిసింది చెప్పాను. ఒలోనీ ప్రజలు ఈ ప్రాంతంలో గింజల కోసం, మేత కోసం కావాలనే చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్ళు. 1777లో శాంటా క్లారా మిషన్ వచ్చింది. 1793లో స్పానిష్ గవర్నర్ ఆ మంటలు నిషేధించాడు. తర్వాత అమెరికా వాళ్ళదీ మంట కనపడితే ఆర్పేయడమే. నూరేళ్ళు ఆర్పితే నూరేళ్ళ చెత్త పోగుపడింది. ఇప్పుడు వాళ్ళే తేమ, గాలి చూసుకుని, మనుషుల్ని నిలబెట్టి కొంచెం కొంచెం కాలుస్తున్నారు.

నాయన ఒక దుంగ మీద కూర్చున్నాడు. "ఇప్పపువ్వు ఏరుకునేదానికి చెట్టు కింద ఆకు కాలిస్తే నేను చెంచోళ్ళ మీద కేసు రాసేవాణ్ణి. మళ్ళా ఎండలు ముదరకముందే ఆ మనుషుల్నే కూలికి పిలిచి ఫైర్ లైన్లలో ఆకు కాల్పించేది. వాళ్ళకు తెలిసిన పనికే కేసు, వాళ్ళకు తెలిసిన పనికే కూలి." అంతే అన్నాడు. నేను మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఏమనాలో తెలీలేదు.

మీరు వెళ్ళేముందు స్టేట్ పార్క్స్ సైట్‌లో పార్కింగ్ రూల్స్ చూసుకోండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెడ్‌వుడ్ లూప్ మైలు లోపే, చదునుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ నడవగలరు. బాట దిగి చెట్టు మొదట్లో నిలబడి ఫొటో దిగకండి, వేర్లు పైపైనే ఉంటాయి. నాయన అప్పటికే ఇద్దర్ని తెలుగులోనే కేకలేశాడు. వాళ్ళు బాట మీదికి వచ్చేశారు, అర్థమయ్యే వచ్చారనుకుంటా.

టికెట్ జరపలేదు. దగ్గర్లో ఉందని వారం వారం రాంచో శాన్ ఆంటోనియోకి నడకకి వెళ్ళాం.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాయన బైర్లూటికి వాట్సాప్ కాల్ చేశాడు. అక్కడ తెల్లారింది. అవతల ఆయన చెంచు వాచర్. ఒకప్పుడు ఆయన మీదా నాయన కేసు రాశాడు, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఇద్దరూ కలిసి ఫైర్ లైన్లు తీశారు. కాలిన చెట్టు వీడియో చూపించి దాని ఎత్తు చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, "సార్, అంత పైన తేనె పట్టు పెడితే ఎట్ల దించుతారు?" అన్నాడు.

నాకు తెలీదండీ. తెలిసినవాళ్ళు కింద కామెంట్‌లో రాయండి. ఉంటాను.