కారు కింద నూనె మరక

ఈవేళ వాకిట్లో నిలబెట్టిన పాత కారు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. కార్ల సంగతి మనకెందుకండీ అంటారేమో. పొద్దున్నే వాకిలి కడిగేది ఎవరు? గచ్చు మీద నల్ల మరకని మొట్టమొదట చూసేది ఎవరు? సబ్బుపొడి వేసి రుద్దేసి, ఆ సంగతి మరిచిపోయేదీ మనమే. ఆ మరకని వెంటనే కడిగెయ్యకండి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

అంబాసిడర్ కారునే తీసుకుందాం. 2014లో దాని తయారీ ఆగిపోయింది. అయినా మామగారి కాలం నాటిదని అమ్మబుద్ధి కాక, గుడ్డ కప్పి ఉంచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. తియ్యని కారు, పాడవడానికేముంది అనుకుంటాం. నిజానికి కదలకుండా ఉండటమే దానికి చేటు. గేర్‌బాక్సులో పళ్లచక్రాలు నూనెలో తిరుగుతాయి. ఆ నూనె బయటికి రాకుండా తిరిగే కడ్డీల చుట్టూ ఆయిల్ సీళ్లు, మూతల కింద గాస్కెట్లు ఉంటాయి. కారు తిరుగుతున్నన్నాళ్లూ సీలు అంచు నూనెతో తడిసి మెత్తగా ఉంటుంది. నెలల తరబడి నిలిపేస్తే ఎండి గట్టిపడుతుంది. నూనె కారేది అప్పుడే.

మరక చూపిస్తే చాలాసార్లు వినబడే మాట, "గేర్‌బాక్సు దించాలమ్మా" అని. దించడమంటే పెద్ద పని, పెద్ద ఖర్చు. ఒక్కోసారి అది తప్పదు కూడా. కాని అడుగున డ్రెయిన్ ప్లగ్గు వాషరు అరిగినా, స్పీడోమీటరు కేబులు బిగించిన చోట ఊరినా మరక అలాగే పడుతుంది. వాటికి గేర్‌బాక్సు దించనక్కర్లేదు.

ఏం చెయ్యాలంటే, సాయంత్రం గచ్చు కడిగి ఆరనిచ్చి, కారు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా అట్టలు పరచండి. చక్రాలు ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టండి. తెల్లవారి చూడండి. చుక్కలు ముందు చక్రాల దగ్గరుంటే ఇంజనో రేడియేటరో అనుకోవచ్చు. ముందు సీట్ల కిందుగా నడి మధ్యలో ఉంటే గేర్‌బాక్సు, వెనక చక్రాల మధ్య ఉంటే డిఫరెన్షియల్. వాకిలి వాలుగా ఉంటే మాత్రం నూనె అడుగునే పాకి దూరంగా పడుతుంది, అది మనసులో పెట్టుకోండి.

తరవాత రంగూ, వాసనా. వాడిన ఇంజనాయిలు నల్లగా ఉంటుంది. డిఫరెన్షియల్‌లో పోసే గేరాయిలు చిక్కగా ఉండి గంధకం వాసన వేస్తుంది. పారేసే గ్లాసులో నీళ్లు పోసి ఒక చుక్క వెయ్యండి. నూనె అయితే పైన తేలుతుంది. బ్రేకాయిలు అయితే నీళ్లలో కలిసిపోతుంది. కలిసిపోతే మటుకు కారు కదపనివ్వకండి, మెకానిక్కే ఇంటికి రావాలి. వెనక చక్రం లోపలి వైపు తడి కనిపించినా అంతే జాగ్రత్త. ఇరుసు నూనె బ్రేకు లైనింగుల మీదికి చేరితే బ్రేకు పట్టదు.

చిక్కంతా ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య, క్లచ్చి ఉండే డొప్ప అడుగున చుక్క పడినప్పుడే. ఇంజను వెనక నుంచి కారినా, గేర్‌బాక్సు ముందు నుంచి కారినా అక్కడికే చేరుతుంది. పాత 1489 సి.సి. ఇంజనుకి వెనక రబ్బరు సీలు లేదు. క్రాంక్ షాఫ్టు మీది మరలాంటి గాడి తిరుగుతూ నూనెని లోపలికి తోస్తుంది. ఆగిపోతే తోసేదేముంది? ముక్కు పైకెత్తి వాలులో నిలిపిన కారు అక్కడ నాలుగు చుక్కలు రాలిస్తే కంగారు పడక్కర్లేదు. రెండు నూనెల మట్టాలూ చూపించుకుని, కొన్నాళ్లాగి మళ్లీ చూపిస్తే ఏది తగ్గుతోందో తేలిపోతుంది.

గేరు దానంతటదే మారే విదేశీ పాత కార్లది ఇంకో తరహా. వాటి నూనె సాధారణంగా కుంకుమరంగులో ఉంటుంది. నిలిపి ఉంచితే టార్క్ కన్వర్టరులోని నూనె మెల్లగా అడుగు తొట్టిలోకి దిగి మట్టం పెరుగుతుంది. మామూలుగా నూనె అందని సీలు దగ్గర కూడా అప్పుడు ఊరుతుంది. మట్టం ఎక్కువైందని తొందరపడి తోడించెయ్యకండి.

మా వీధిలో ఒకావిడ, భర్త పోయాక అంబాసిడర్ని తనే చూసుకుంటున్నారు. ఆవిడకీ గేర్‌బాక్సు దించాలనే చెప్పారు. మూడు రాత్రులు అట్టలు పరిస్తే మూడుసార్లూ చుక్క ఒక్కచోటే. షెడ్డులో ర్యాంపు ఎక్కించి, అడుగంతా తుడిపించి, మనం మొహానికి రాసుకునే పౌడరే చల్లించారు. కాస్త దూరం తిప్పి తెచ్చాక చూస్తే, తడి చార డ్రెయిన్ ప్లగ్గు దగ్గరే మొదలైంది. దానికి పైన అంతా పొడిగానే ఉంది. నూనె కిందికి దిగేదేగాని పైకి ఎక్కదు కదండీ! కొత్త వాషరుతో సరిపోయింది.

ఒక్క జాగ్రత్త. జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి, మీరూ దూరకండి. ఆ అట్ట మీద తేదీ వేసి డిక్కీలో పెట్టుకోండి, మెకానిక్కుకి చూపించడానికి పనికొస్తుంది. ఇక గచ్చు మీద మరకంటారా, రంపపు పొట్టు చల్లి ఒక రాత్రి ఉంచి ఊడ్చేశాక, అప్పుడు రుద్దండి సబ్బుపొడితో.