ముసలి ఓడ బాధ్యత ఎవరిది?

షిప్పింగ్ కంపెనీ సీఎస్ఆర్ అంటే స్కూలు బ్యాగులు, మొక్కలు నాటే ఫొటోలు గుర్తొస్తాయి కదా. మంచిదే. కానీ అసలు పరీక్ష వేరే ఉంది. ఓడ ముసలిదయ్యాక ఏం చేస్తున్నారు?

చాలా ఓడలు గుజరాత్‌లోని అలంగ్ తీరానికొస్తాయి. పెద్ద పోటు మీద ఒడ్డెక్కించి, కార్మికులు గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేస్తారు. పాత ఓడల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

చాలాసార్లు ఓనర్లు ఓడని ముందే మధ్యవర్తికి అమ్మేస్తారు. పేరు మారుతుంది, జెండా మారుతుంది. రేపు కార్మికుడికి ఏమైనా అయితే పాత కంపెనీ పేరు ఎక్కడా కనపడదు!

2009 నాటి హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకొచ్చింది. దాని ప్రకారం, ముక్కలు చేసే ముందు ఓడలోని ప్రమాదకర పదార్థాల జాబితా ఉండాలి.

అందుకే సీఎస్ఆర్ రిపోర్టు చూస్తే ఒక్కటి వెతకండి: పాత ఓడలు ఎక్కడికి పంపారో రాశారా?