క్వాలిస్‌ను మార్చాలా?

హుస్సేనీ ఆలంలాంటి హైదరాబాద్ పాతబస్తీ సందులకు టయోటా క్వాలిస్ చక్కగా కుదిరిన బండి. 2005లో తయారీ ఆగిపోయినా, ఇంటిల్లిపాదినీ మోసిన దాన్ని వదలబుద్ధి కాదు. వదలమని చట్టమూ అనదు. ఢిల్లీలోలా పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై నిషేధం తెలంగాణలో లేదు. పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. పైగా టయోటాదే అయిన కొత్త ఇన్నోవా హైక్రాస్ వెడల్పు 1,850 మిల్లీమీటర్లు. లాడ్‌బజార్ మలుపుల్లో దాని అద్దాలకు గండమే.

అయినా మార్చమనే చెబుతాను, కారణం భద్రత. కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019లో, అంటే క్వాలిస్ తయారీ ఆగిపోయిన చాలా ఏళ్లకు. పాత ఇనుము గట్టిదని వాదిస్తారు. నిజమే, కానీ గుద్దుకున్నప్పుడు నలగని బండి ఆ దెబ్బను లోపలివాళ్లకే చేరవేస్తుంది. కొత్తవాటి ముందుభాగం నలిగి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. మెకానిక్ ఎంత నేర్పరి అయినా ఈ నిర్మాణాన్ని పాత బండికి అతికించలేడు. సందుల్లో నెమ్మదిగా తిరిగినంతకాలం అది లేకపోవడం పెద్ద లోటు కాదు. గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం ప్రాణాల లెక్క. ఖర్చంటారా, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజన్ ఎస్‌యూవీలపై జీఎస్టీ 18 శాతమే. షోరూముకు వెళ్లేముందు మీ సందు వెడల్పు కొలుచుకోండి.