మరణశాసనమును మనోభీష్టలేఖయు

 

శుభమా యని సమావేశమైన వేళ మరణప్రసంగ మేల యని కొందఱు తలపవచ్చును. కాని పెద్దలు గతించిన పిదప చేనిగట్టుకొఱకును, కొబ్బరితోటకొఱకును కోర్టుల కెక్కిన అన్నదమ్ములను మీరందఱు నెఱుగుదురు.

సంపన్నులకును ఈ బాధ తప్పలేదు. పిఠాపుర ప్రభువు దత్తపుత్రుడుండగా ఔరసునికి సంస్థానమును మరణశాసనముచే నొసగెను. ఆ వివాదము ప్రివీ కౌన్సిలుదాక పోయి, 1899లో శాసనమునకు అనుకూలముగా తీరెను. శాసనము ఆస్తి నెవరికో తేల్చును. ఏల ఇచ్చితినో చెప్పదు.

నేనెఱిగిన కోనసీమ గృహస్థుడొకడు తన స్వార్జితమైన యింటిని చిన్నకుమారునికి వ్రాసెను. పెద్దవాని చదువునకై అంతకుముందే రెండెకరములు విక్రయించి యుండుటచే ఇది సమానమే యని యాతని భావము. ఆ మాట యెచ్చటను వ్రాయలేదు. తండ్రి తన్ను ద్వేషించెనని నమ్మి పెద్దవాడు సంవత్సరీకమునకైన రాలేదు. నాలుగు పంక్తులు వ్రాసియున్నచో ఆ యిల్లు రెండు కాకపోవును.

ఆ నాలుగు పంక్తులే మనోభీష్టలేఖ. పంపకమునకు కారణము, తల్లిని చూడవలసిన తీరు, అంత్యక్రియల విధము, పాత కౌలురైతును తొందరపడి తొలగింపవలదను మాట, దస్తావేజులున్న తావు, బ్యాంకు ఖాతాల వివరము – ఇవి యందు వ్రాయదగినవి.

అయితే ఒక హెచ్చరిక. 1925 నాటి భారత వారసత్వ చట్టము 63వ సెక్షను ననుసరించి మరణశాసనమునకు కర్త సంతకమును, ఇద్దఱు సాక్షుల సంతకములును వలయును. లేఖకు సాక్షులక్కఱలేదు, కాని దానికి చట్టబలమును లేదు. కావున "నా నగలు పెద్దమ్మాయికి" అను మాట లేఖలో నుంచిన వ్యర్థము. అది శాసనముననే యుండవలయును. మఱియు 64వ సెక్షను ప్రకారము, అప్పటికే వ్రాసియున్న కాగితమును తన యుద్దేశములను తెలుపునదిగా శాసనమున పేర్కొనినచో, అదియు శాసనములో భాగమగును. అట్లు కావలదనుకొనువారు శాసనమున లేఖ ప్రసక్తి తేక, "ఇది నా కోరికయేగాని శాసనము గాదు" అని లేఖలోనే స్పష్టపఱుపవలెను. తేదీ వేసి, సంతకము చేసి, శాసనమునకు విరుద్ధమైన మాట లేకుండ చూచుకొని, శాసనమును నెరవేర్చువానికి దాని జాడ తెలుపవలెను. కాలము మారినప్పుడు లేఖను సులభముగా తిరిగి వ్రాయవచ్చును.

పొలము లేనివారును బిడ్డలకు వివరింపవలసిన మాట లేనివారు కారు. ఈ సభనుండి ఇంటికేగిన పిదప ఒక్క సాయంకాలము అందులకు కేటాయింపుడు. వీలైనచో బ్రతికియుండగానే బిడ్డలను కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. వారి సందేహములకు బదులు చెప్పగలవారు మీరొక్కరే.